డాబా మీద ముస్తాబు

ఎవరేమడిగినా నవత ముందు "ఔ, చేస్త" అంటుంది. ఎలా చేయాలన్నది ఆ తర్వాత ఆలోచించుకుంటుంది. కరుణాకర్‌ను పెళ్లి చేసుకుని దేవరకొండ దగ్గరి పల్లె నుంచి హైదరాబాదు వచ్చిన కొత్తలో, బషీర్‌బాగ్‌లో ఒక బ్యూటీ పార్లరు యజమానురాలు "కనుబొమ్మలు తీయడం వచ్చా?" అని అడిగితే "ఔ, వచ్చు" అనేసింది. నిజానికి అప్పటికి దారం ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు. ఆ సాయంత్రమంతా ఆడబిడ్డ నర్మదను కదలనీయకుండా కూర్చోబెట్టి, ఆమె ముంజేతుల మీది వెంట్రుకలతో సాధన చేసింది. నర్మద కళ్లనీళ్లు పెట్టుకున్నా వదల్లేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లి పనిలో చేరిపోయింది.

ఇప్పుడు ఆమెకు సొంత పార్లరు ఉంది. ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, మూడంతస్తుల పాత బిల్డింగులో రెండో అంతస్తు గది. చుట్టూరా బల్బులున్న నిలువుటద్దం, పైకీ కిందికీ కదిలే కుర్చీ, ఆవిరి పట్టే మిషను, జుట్టు ఆరబెట్టేది, సాపు చేసేది, రింగులు తిప్పేది... ఒక్కొక్క సామాను గదికి వచ్చిన రోజు ఆమెకు పండగే. పొద్దున తలుపు తీసి స్విచ్చులన్నీ వేయగానే గదంతా తెల్లగా వెలిగిపోతుంటే, "సినిమా సెట్టింగు లెక్క లేదూ?" అని రోజూ మురిసిపోయేది. అంతకంతకూ పని పెరిగి, ఒక్కతే సంభాళించుకోలేక నర్మదనే తోడు తెచ్చుకుంది. నర్మదకు మాట తక్కువ, చేతి వేగం ఎక్కువ. అలా ఇద్దరికీ సరిపోయింది.

ఆ మే నెలలో ఒక మంగళవారం సాయంత్రం బ్యాంకులో పనిచేసే ఒకావిడ పార్లరు కుర్చీలో వెనక్కి వాలి ఉంది. నర్మద ఆమె ఎడమ కనుబొమ్మ పూర్తి చేసి కుడివైపుకు తిరిగింది. అంతలో కిటికీ అవతల ఆకాశం ఇటుకరంగుకు మారింది. ముందు దుమ్ము లేచింది, దాని వెనకే గాలి. ఎదుటి బిల్డింగు మీది రేకులు విస్తరాకుల్లా ఎగిరిపోయాయి. ఎక్కడిదో పెద్ద ఫ్లెక్సీ చిరిగి, అందులోని నాయకుడి సగం ముఖంతో సహా వచ్చి కరెంటు తీగలకు చుట్టుకుంది. వడగళ్లు కిటికీ అద్దాన్ని గులకరాళ్లు విసిరినట్టు కొట్టాయి. సందు మొదట్లో ఏదో విరిగిన చప్పుడు, ఆ వెంటనే కళ్లు చెదిరే నీలం మెరుపు. గదిలో బల్బులు, ఫ్యాను, ఆవిరి మిషను అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఒక్క కనుబొమ్మతోని నేను ఇంటికెట్ల పోవాలమ్మా?" అంది చీకట్లోంచి బ్యాంకావిడ.

నవత ఫోను లైటు వేసి పట్టుకుంది. ఉరుము ఉరిమినప్పుడల్లా ముగ్గురూ ఉలిక్కిపడుతూనే, రెండో కనుబొమ్మ కూడా పూర్తి చేశారు.

వాన వెలిశాక కిందికి దిగి చూస్తే సందు ఆనవాలు పట్టలేకుండా ఉంది. సందు మొదట్లోని పాత వేపచెట్టు వేళ్లతో సహా లేచి, ట్రాన్స్‌ఫార్మరును కింద వేసుకుని పడిపోయింది. స్తంభాలు వంగిపోయి ఉన్నాయి. ఆబిడ్స్, నాంపల్లి, అటు ఖైరతాబాద్ దాకా అంతా ఇదే పరిస్థితని అక్కడ చేరినవాళ్లు చెప్పుకుంటున్నారు. "పొద్దుగాలవరకు వస్తది లే" అన్నాడు ఒకాయన. "వస్తది, వస్తది" అన్నారు అందరూ.

రాలేదు. బుధవారం పొద్దున రాలేదు, మధ్యాహ్నం రాలేదు. మోటారు నడవక ట్యాంకుల్లో నీళ్లు అడుగంటాయి. సందులో ఒకరింట్లో ఉన్న చేతిపంపు దగ్గర బిందెల వరుస కట్టింది. ఇన్‌వర్టర్లు ఒకటొకటిగా కుయ్యిమని మూగబోయాయి. కరెంటోళ్లు వచ్చి చెట్టును రంపాలతో కోసి పక్కకు లాగారు. ట్రాన్స్‌ఫార్మరు పనికిరాదని తేల్చి, కొత్తది రావాలని చెప్పి, ఆ పక్క వీధికి పరుగెత్తారు. పాపం, వాళ్ల కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి.

కరుణాకర్ నడిపేది స్కూలు ఆటో. వేసవి సెలవులు కాబట్టి ఖాళీగానే ఉంది. ఆటో బ్యాటరీకి తీగ తగిలించి ఫోన్లు చార్జింగ్ పెడతానన్నాడో లేదో, సందు సందంతా అతని చుట్టూ మూగింది. నవత ఫోనులో కాస్త ప్రాణం రాగానే మోగింది.

అటువైపు ఉజ్వల. రెండు సందుల అవతల అపార్టుమెంటులో నాలుగో అంతస్తులో ఉంటారు. ఆమె కూతురు హైందవి పెళ్లి శుక్రవారం పొద్దున. నాంపల్లిలో ఫంక్షన్ హాలు. పెళ్లికూతురి అలంకరణ నవతదే. మూడు నెలల కిందటే మాట్లాడుకున్నారు.

"నవతా, ఏం చేద్దామమ్మా?" ఉజ్వల గొంతులో కంగారు. "హాల్లో జనరేటరుందిగానీ సెల్లార్లో నీళ్లు నిండి మునిగిపోయిందిట. అయినా ముహూర్తం మార్చేది లేదంటున్నారు మగపెళ్లివారు. మా చెల్లెలేమో గచ్చిబౌలిలో కరెంటున్న పార్లరేదో ఖాళీగా ఉంది, అక్కడికి తీసుకుపోదామంటోంది. హైందవి మాత్రం నువ్వయితేనే అంటోంది. కరెంటు లేకుండా నీ వల్ల అవుతుందా?"

"ఔ మేడం, చేస్త," అంది నవత. "మీరేం ఫికర్ చెయ్యకుండ్రి. శుక్రవారం తెల్లారేసరికి హైందవిని మా బిల్డింగుకు తోలుకరాండ్రి. ఆమెను చూసి హాలంతా నోరు తెరుస్తది, చూడుండ్రి."

ఫోను పెట్టేసి నర్మద వైపు తిరిగింది.

"ఎట్ల చేస్తవే?" అంది నర్మద.

"అదే ఆలోచిస్తున్న వదినె."

ఇద్దరూ పైకి ఎక్కి పార్లరు తలుపు తీశారు. పట్టపగలే గది గుహలా ఉంది. బల్బుల అద్దంలో తన నీడ తప్ప మరేమీ కనిపించలేదు నవతకు. సాపు చేసేది, రింగులు తిప్పేది, ఆరబెట్టేది అన్నీ చచ్చిన పాముల్లా తీగలు వేలాడేసుకుని పడి ఉన్నాయి. ఇన్నాళ్లూ పని తన చేతుల్లో ఉందనుకుంది. ఇప్పుడు చూస్తే గోడల్లోని ప్లగ్గుల్లో ఉన్నట్టుంది. ఒక్క క్షణం గచ్చిబౌలికి పంపేస్తే పోయేదేమో అనిపించింది. మరుక్షణమే ఆ ఆలోచనకు తనకే కోపమొచ్చింది. నర్మద చేయి పట్టుకుని డాబా మీదికి లాక్కెళ్లింది.

డాబా మీద ఎండ కళ్లు బైర్లు కమ్మేలా కాస్తోంది. నవత నాలుగు మూలలూ తిరిగింది. తూర్పుకేసి చూసింది. అడ్డంగా పెద్ద భవనమేదీ లేదు.

"వదినె, ఇదే మన పార్లరు!" అని చిన్నపిల్లలా గెంతింది. "పొద్దుగాల గీడ వెలుగు ఎట్లుంటదో చూస్తివా? మన బల్బులు దీని ముందట ఎంత?"

"మరి జుట్టు?"

"రాత్రి తడిజుట్టుకు సన్నసన్న జడలల్లి వదిలిపెడదాం. పొద్దున ఇప్పితే అలలు అలలుగ రాదూ? మన ఊర్లె అట్లనే చేస్తుండె గద!"

"చీర ఇస్త్రీ?"

"సందు మొదట్ల సదాశివన్న బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉండనే ఉన్నది గద."

"ఈ ఉక్కపోతకు ముఖం మీద ఏం నిలుస్తది? చెమటకు కారిపోతది."

అక్కడ మాత్రం నవత ఆగింది. ఆలోచించింది. "ఐసు," అంది చివరికి. "ముందుగాల ఐసుతోని ముఖం బాగ రుద్దితే చెమట జల్ది రాదు. మొజంజాహీ మార్కెట్ కాడ దొరుకుతది. పో, మీ తమ్మునికి చెప్పు."

ఆ తర్వాత గంటలు గంటలుగా ఎలా గడిచాయో ఆమెకే తెలియదు. గురువారమంతా కాలు ఒకచోట నిలవలేదు. సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకునే సదాశివ, కరెంటు ఇస్త్రీలున్న ఇళ్లవాళ్లంతా తన దగ్గరికే వస్తుంటే మీసం మెలేస్తున్నాడు. అయినా పెళ్లిపట్టుచీర అనగానే అన్నీ పక్కన పెట్టి, చీర మీద తెల్లటి పంచె పరిచి, మడతమడతా తానే చేసి ఇచ్చాడు. సాయంత్రం నవత హైందవి వాళ్లింటికి వెళ్లింది. లిఫ్టు నడవక నాలుగంతస్తులూ ఎక్కేసరికి ఆయాసం. హైందవి స్వయంగా కిందినుంచి మోసుకొచ్చిన బిందెనీళ్లతో తలంటుకుని ఎదురుచూస్తోంది. సాఫ్టువేరు ఉద్యోగం చేసే పిల్ల. కిటికీ దగ్గర నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "అక్కా, నాకు భయమేస్తోంది, నవ్వూ వస్తోంది," అంది.

"నాకూ అంతే," అంది నవత, జడ పాయ తీస్తూ.

పక్కనే మంచం మీద ఉజ్వల తల్లి బుజ్జమ్మ విసనకర్ర ఊపుకుంటోంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు సెక్రటేరియట్ ఉద్యోగి అయిన తండ్రి వెంట చిన్నపిల్లగా గుంటూరు నుంచి వచ్చి, ఇక్కడే స్థిరపడిపోయిన మనిషి. మోకాళ్ల నొప్పులతో మంగళవారం నుంచి కిందికి దిగనేలేదు.

"నా పెళ్లికి పెట్రోమాక్సు దీపాలేనే," అంది మనవరాలితో. "ఒక దీపం ఆరిపోతే మీ తాతయ్య నన్ను సరిగ్గా చూడనే లేదని తర్వాత రోజూ వంక పెట్టేవారు. నీకు ఎండ వెలుగు దొరికిందమ్మా, అదృష్టవంతురాలివి." నవతకేసి తిరిగి, "అమ్మాయ్, రేపు నేను హాలుకు ఎలా వెళ్తానో తెలుసా? కుర్చీలో! మా మేనల్లుళ్లు మోసుకుని దించుతారట. ఊరేగింపే!" అని పకపకా నవ్వింది.

శుక్రవారం తూర్పు ఇంకా ఎర్రబడకముందే నవత డాబా మీదికి చేరింది. వెళ్లి చూస్తే అక్కడ ఆమె ఒక్కతే లేదు. ఫ్యాన్లు లేని ఇళ్లలో పడుకోలేక, సందులోని కుటుంబాలన్నీ డాబాల మీద చాపలు పరుచుకుని ఉన్నాయి. ఇటు డాబా, అటు డాబా, ఎదుటి డాబా, ఎక్కడ చూసినా జనమే. అప్పుడే లేచి దుప్పట్లు దులుపుతున్నవాళ్లు, పళ్లు తోముకుంటున్నవాళ్లు. హైందవి తల్లితో కలిసి మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చునేసరికి, పక్క డాబా మీంచి ఒకావిడ కేకేసింది.

"ఏందమ్మా అది? పెండ్లికూతురా?"

"ఔ అత్తమ్మా, పెండ్లికూతురే!" అంది నవత.

అంతే. క్షణంలో పిట్టగోడలన్నిటికీ తలలు మొలిచాయి.

నవత చుట్టూ చూసింది. ఆమె పని ఎప్పుడూ తలుపు మూసి, తెర దించి చేసేది. పెళ్లికూతురు పూర్తిగా తయారయ్యేదాకా కన్నతల్లిని కూడా లోపలికి రానిచ్చేది కాదు. ఇప్పుడు ఆబిడ్స్ సగం చూస్తోంది. ఐసుముక్క గుడ్డలో చుట్టి హైందవి చెంపల మీద పెడితే, "అబ్బా!" అని ఆ పిల్ల కెవ్వుమంది. చుట్టూ డాబాలన్నీ ఘొల్లుమన్నాయి. నవత కూడా నవ్వేసి, రెండో చెంప ఇటు తిప్పుకుంది.

నర్మద సన్నజడలు ఒక్కొక్కటే విప్పింది. నల్లటి అలలు భుజాల మీద జారాయి. ఎవరో ఈల వేశారు. కరుణాకర్ జాంబాగ్ పూలబజారు నుంచి మల్లెల బుట్ట మోసుకొచ్చి దింపాడు. గాలివానతో కొన్ని పెళ్లిళ్లు వాయిదా పడి పూలు మిగిలిపోయాయని, అమ్మేవాళ్లు దోసిళ్లతో ఎక్కువే పోశారట. అంతా అనుకున్నట్టే సాగుతోంది అనుకునేసరికి, సరిగ్గా ముఖానికి రంగు అద్దే సమయానికి తూర్పున మబ్బు కమ్మింది.

వెలుతురు బూడిదరంగుకు దిగిపోయింది. నవత తలెత్తి చూసింది. మబ్బు పెద్దది, కదలడం లేదు. హైందవి చెంప మీద తాను పూసింది ఏ రంగో తనకే తెలియడం లేదు.

"ఆగుదామా?" అంది ఉజ్వల, చేతి గడియారం చూసుకుంటూ. ఆమె ముఖంలో గచ్చిబౌలి కనిపిస్తోంది.

ఆ మబ్బు పడమటి పక్క డాబాలను ఇంకా కప్పలేదు. అక్కడ పల్చటి ఎండ పడుతోంది. ఆ డాబా మీద ఒక పిల్ల చిన్న అద్దం ముందు పెట్టుకుని తల దువ్వుకుంటోంది. ఆ అద్దం మెరిసి, ఒక తునక వెలుగు వచ్చి నవత చేతి మీద పడి పోయింది.

నవత పిట్టగోడ దగ్గరికి పరుగెత్తింది.

"అక్కా! చెల్లే! అమ్మా! మీ ఇండ్లల్ల అద్దాలున్నయా? తీస్కరాండ్రి! ఉన్నయన్నీ తీస్కరాండ్రి! ఎండ ఇటు తిప్పుండ్రి!"

ఒక నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవరినీ ఆపడం ఎవరితరమూ కాలేదు. మెట్ల మీద పరుగులు. గోడ అద్దాలు, బీరువా తలుపు నుంచి ఊడదీసిన అద్దం, గడ్డం గీసుకునే అద్దం వచ్చాయి. అద్దం లేనివాళ్లు తోమిన తళతళలాడే స్టీలు పళ్లేలు పట్టుకొచ్చారు. నర్మద గబగబా బట్టలు ఆరేసే తీగ మీద తెల్లటి దుప్పటి కట్టింది, వెలుగు సూటిగా కళ్లలో గుచ్చకుండా దుప్పటి మీద పడి మెత్తగా రావడానికి. "జర ఎడమకు! ఆఁ, గాడనే ఆపుండ్రి! ఆ పళ్లెం పైకి!" అని నవత అరుస్తుంటే, ఒక్కొక్క డాబా నుంచి ఒక్కొక్క వెలుగు ముక్క వచ్చి దుప్పటి మీద చేరింది. బూడిదరంగు డాబా మధ్య హైందవి ముఖం ఒక్కటే దీపంలా వెలిగింది.

నవత పని మొదలుపెట్టింది. ఆ వెలుగులో ఆమెకు ఎప్పుడూ కనబడనివి కనబడ్డాయి. హైందవి చామనఛాయలోని సన్నటి బంగారు రంగు, ముక్కు పక్కన చిన్న మచ్చ, నవ్వు ఆపుకుంటే పెదవి చివర పడే సొట్ట. బల్బుల కింద ఇవన్నీ మాసిపోయేవి, ఆమె మళ్లీ రంగుతో గీసేది. ఇప్పుడు గీయాల్సిన అవసరమే లేదు. సగం సామాను పెట్టెలోనే ఉండిపోయింది. మచ్చను కప్పడానికి చేతిలోకి తీసుకున్న సీసాను మళ్లీ మూతపెట్టింది.

"కాటుక జర లావుగ పెట్టమ్మా!" అని ఎదుటి డాబా సలహా ఇచ్చింది.

"వద్దు వద్దు, గంతే మంచిగున్నది!" అని పక్క డాబా కొట్టిపారేసింది.

"బొట్టు కిందికైంది!" అంది పక్క డాబా అత్తమ్మ.

"లేదు, నువ్వు వంకరగ నిలవడ్డవు!"

రెండు డాబాల మధ్య బొట్టు మీద గట్టి వాదమే నడిచింది. నవత చివరికి బొట్టును వెంట్రుకవాసి పైకి జరిపింది. అత్తమ్మ గెలిచానని చప్పట్లు కొట్టింది. మల్లెపూల జడ వేసి, దాని మొదట్లో కనకాంబరాలు గుచ్చి, చీర కుచ్చిళ్లు సవరించి వెనక్కి అడుగేసేసరికి మబ్బు కూడా విచ్చిపోయింది. పొద్దు పూర్తిగా పైకి వచ్చింది. బీరువా అద్దం పట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు దాన్ని పిట్టగోడ మీంచి అందించారు. హైందవి అందులో చూసుకుంది. ముక్కు పక్కన మచ్చను వేలితో తాకింది.

"అక్కా, ఇది నేనే," అంది చివరికి.

ఉజ్వల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాబాలన్నీ ఒక్కసారిగా చప్పట్లు, ఈలలు, కేకలు.

ఆ సంబరంలో కిందినుంచి లారీ హారను వినిపించింది. నవత వంగి చూసింది. క్రేను లారీ సందులోకి దూరుతోంది. దాని మీద బూడిదరంగు పెట్టె, కొత్త ట్రాన్స్‌ఫార్మరు! అద్దాలు పట్టుకున్నవాళ్లంతా అద్దాలు వదిలి దాన్ని చూసి అరిచారు. సందు మొత్తం ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తున్న దేవుడు రథం మీద వచ్చినట్టుంది. కానీ ఆ రథం వెనక్కి పోయేదాకా, సందు లోపల నిలిపిన పెళ్లికారు బయటికి రాదు.

కరుణాకర్ మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. "గంటన్నర పడ్తదట. స్టేషన్ రోడ్డు మీద గూడ స్తంభాలు లేపుతున్నరు. సిగ్నళ్లు లేవు, బండ్లన్ని ఒకదాని మీద ఒకటి ఇరుక్కపోయినయి. నా ఆటో గూడ కదల్తలేదు."

"ముహూర్తం!" అంది ఉజ్వల. ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది. "క్రేనును కాస్త వెనక్కి తీయమని అడుగుదామా?"

నవత కిందికి చూసింది. కరెంటోళ్లు అప్పటికే గొలుసులు తగిలిస్తున్నారు. చుట్టూ ముసలివాళ్లు, పిల్లల తల్లులు చేతులు జోడించినట్టు నిలబడి ఉన్నారు. వాళ్లను ఆపమని ఎవరు అడుగుతారు?

"నడుద్దాం," అంది నవత.

"ఏంటీ?"

"నాంపల్లి ఎంత దూరం మేడం? గీడికెల్లి గాడికి. కారుల ఇరుక్కొని చెమటలు కారేకన్న నడుచుడే మేలు. హైందవీ, నడుస్తవా?"

హైందవి అప్పటికే చీర కుచ్చిళ్లు చేత్తో ఎత్తిపట్టుకుని నిలబడింది. "పదక్కా!" అంది. కళ్లు మెరుస్తున్నాయి. "ముందే చెబితే స్పోర్ట్స్ షూ తెచ్చుకునేదాన్ని!"

డాబాల మీది ఆడవాళ్లు ఉన్నపళాన కిందికి దిగారు. కొందరు చీర మార్చుకోవడానికి కూడా ఆగలేదు, కొందరు దారిలోనే జడలో మల్లెపూలు తురుముకున్నారు. నర్మద పెద్ద గొడుగు విప్పి పెళ్లికూతురి తల మీద పట్టింది. నవత పౌడరు పెట్టె, పిన్నుల డబ్బా చంకన పెట్టుకుని పక్కన నడిచింది. క్రేను పక్కనుంచి ఒక్కొక్కరే ఒదిగి బయటికి వస్తుంటే, పైన నిచ్చెన మీదున్న లైనుమన్ తల వంచి చూసి, "తల్లీ, మీ అప్పగింతలవరకు కరెంటిస్తం!" అని అరిచాడు.

స్టేషన్ రోడ్డు ఎక్కారు. బస్సులు, ఆటోలు, కార్లు ఒకదాన్నొకటి తాకుతూ నిలిచిపోయాయి. ఎక్కడ చూసినా హారన్లు. ఆ మధ్యలోంచి ఎర్ర పట్టుచీర, తలపైన నల్ల గొడుగు, వెనక పాతికమంది ఆడవాళ్లు. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చేతులతోనే ట్రాఫిక్కు నడుపుతున్న కానిస్టేబుల్ వీళ్లను చూసి రెండు చేతులూ చాచి, విజిలు ఊది, రెండువైపులా బండ్లను ఆపేశాడు. "పొండ్రమ్మా, జల్ది పొండ్రి, శుభమైతది!"

కాస్త ముందుకు పోయాక ఒక బ్యాండు దుకాణం. బ్యాండు పెద్ద బాలకిషన్ ఎర్రకోటు గుండీలు విప్పేసుకుని, డ్రమ్ము మీద మోచేయి ఆనించి కూర్చున్నాడు. ఆనాటి పెళ్లి వాయిదా పడి, మనుషులంతా దిగాలుగా మెట్ల మీద ఉన్నారు. పెళ్లికూతురు నడిచి వస్తుంటే లేచి నిలబడ్డాడు.

"ఏందమ్మా, బాజాలు లేకుంట పోతున్నరు?"

"కరెంటు లేదు గద, డీజే రాదని చెప్పిన్రు!" అంది నవత.

"బ్యాండుకు కరెంటెందుకమ్మా? ఊపిరుంటె చాలు!" అంటూనే ఆయన వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. గుండీలు పెట్టుకుంటూనే ఒకడు బాకా ఎత్తాడు. డ్రమ్ము మీద మొదటి దెబ్బ పడింది. ఆడవాళ్లు కొంగులు నడుముకు దోపుకున్నారు. మాట తక్కువైన నర్మద, అవును, ఆ నర్మదే, గొడుగు కరుణాకర్ చేతిలో పెట్టి మొదట ఆడింది. హైందవి నవ్వీ నవ్వీ అలసిపోతుంటే, నవత ఆమె నుదుటి మీది చెమటను అద్దుతూ, "నవ్వు, నవ్వు, కాటుక చెదిరితే నేనున్న," అంటూ తానూ అడుగులేసింది.

హాలు గేటు దగ్గర మగపెళ్లివారు కారు కోసం రోడ్డు కేసి చూస్తూ తలలు పట్టుకుని ఉన్నారు. ముందు బ్యాండు వినిపించింది. తర్వాత గొడుగు కనిపించింది. పెళ్లికొడుకు శశికిరణ్ కళ్లు నులుముకుని, బాసికం సర్దుకుంటూ గేటు దాకా పరుగెత్తుకొచ్చాడు.

"నడిచొచ్చావా?"

"నీ కోసం కాదు, ముహూర్తం కోసం," అంది హైందవి.

చీకటి హాలు వదిలేసి, మండపం ఆవరణలో షామియానా కింద వేశారు. మైకు లేకపోవడంతో పురోహితుడు గొంతెత్తి మంత్రాలు చదివాడు. వెనక వరుసవాళ్లకు వినపడక ముందుకు జరిగి జరిగి, అందరూ మండపం చుట్టూ దగ్గరగా మూగారు.

మామూలుగా నవత పెళ్లికూతుర్ని తయారు చేసి, పెట్టె సర్దుకుని వెనక గుమ్మంలోంచి వెళ్లిపోతుంది. తాను ముస్తాబు చేసిన ఏ పెళ్లీ ఆమె చూడలేదు. ఆవేళ కూడా పెట్టె మూసి పక్కకు తప్పుకోబోయింది. బండ్లు ఇరుక్కోకముందే మేనల్లుళ్లు తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టిన బుజ్జమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎక్కడికమ్మాయ్? కూర్చో. నా మనవరాలిని నడిపించుకొచ్చావు, తలంబ్రాలు పడకుండా పోతావా?"

నవత కూర్చుంది. జీలకర్ర బెల్లం పెట్టే వేళ హైందవి వంచిన తల మీద, మల్లెల జడ మీద ఎండ పడి మెరిసింది. "ఎవరు చేశారండీ అలంకారం?" అని వెనకనుంచి ఎవరో అడగడం, "అదిగో, ఆ అమ్మాయే," అని బుజ్జమ్మ విసనకర్రతో చూపించడం నవతకు వినపడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ముఖం తిప్పుకోలేదు.

భోజనాలయ్యాక ఆమె, నర్మద, కరుణాకర్ ఒక ఆటో మాట్లాడుకుని వెనక్కి బయల్దేరారు. దారిలో మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగి, సీతాఫలం ఐస్‌క్రీము సగం కరిగినదే ముగ్గురూ లొట్టలేసుకుంటూ తిన్నారు. సందు దగ్గర దిగేసరికి సాయంత్రమైంది. కొత్త ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె మీద కూర్చుంది. ఇంకా తీగలు కలుపుతున్నారు. అప్పగింతల వేళకు కరెంటిస్తామన్న మాట లైనుమన్ నిలబెట్టుకోలేకపోయాడు గానీ, ఆ సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు.

"నవతక్క వచ్చింది!" అని పైనుంచి ఎవరో అరిచారు. పిట్టగోడల మీద మళ్లీ తలలు లేచాయి, పెళ్లికూతుర్ని గేటు దాకా దింపి వెనక్కి వచ్చేసినవాళ్లవి కూడా.

"ఎట్లైందే పెండ్లి? పిలగాడు ఎట్లున్నడు? బొట్టు చూసి ఏమన్నరు?"

పైకెక్కి చెబుదామనుకుంది నవత. కానీ మెట్లెక్కేదాకా ఆగలేకపోయింది. పెట్టె కరుణాకర్ చేతిలో పెట్టి, సందు నడుమ నిలబడి, తలెత్తి, రెండు చేతులూ ఊపుతూ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.